ఆవులకు చెప్పిన చావు కబురు

"ఆవులకు చెప్పేశారా?"

హిల్కె చేతిలో పాలబకెట్టు అలాగే ఉండిపోయింది. వంటింటికీ పశువుల కొట్టానికీ మధ్యనున్న తలుపులో అత్తగారు ట్రీనా నల్లశాలువా కప్పుకుని నిలబడి ఉంది. ఆవిడ చెప్పులకి ఇంకా గడ్డి అంటుకునే ఉంది.

"చెప్పాను," అంది ట్రీనా. "ఎవరో ఒకరు చెప్పాలిగా. నువ్వు చెప్పేదాకా కూచుంటే ఓట్స్ విత్తనం కొట్టులోనే ముక్కిపోతుంది."

"నా మొగుడు చచ్చిపోయాడని నాతో ఒక్క మాటైనా అనకుండా ఆవులకు చెప్పేశారా!"

"నీతో అనలేదా? మంచు పడ్డప్పటి నుంచీ అంటూనే ఉన్నా. గోడతో అన్నా ఈపాటికి విని ఉండేది."

జనవరి తుపాను రోజు పొద్దున, ఆకాశం ఇంకా మబ్బు పట్టకముందు, బొగ్గూ పిండీ తెస్తానని ఐలెర్ట్ రెండు గుర్రాలు కట్టుకుని మంచుబండి మీద స్టేషన్ ఊరికి బయల్దేరాడు. మధ్యాహ్నానికి తెల్లటి గోడ ఒకటి నేల మీద నడుచుకుంటూ వచ్చినట్టు తుపాను వచ్చిపడింది. మనిషి రాలేదు, గుర్రాలు రాలేదు. చుట్టుపక్కల వాళ్ళు పొడుగాటి కర్రలతో మంచు పొడుచుకుంటూ వెతికారు. తరవాత ఒక్కొక్కరే వెతకడం మానేశారు. చర్చిలో అతని పేరు ఎత్తేటప్పుడు గొంతు తగ్గించడం మొదలుపెట్టారు. ఇప్పుడు మంచు కరుగుతోంది. నెబ్రాస్కా నేల నల్లగా బయటపడుతోంది. నేల బయటపడితే విత్తాలి, విత్తాలంటే ముందు విత్తనానికి చెప్పాలి.

అదీ వీళ్ళ ఆచారం. ఇంటి యజమాని పోతే పశువుకు చెప్పాలి, విత్తనానికి చెప్పాలి. పడుకున్న ఆవును లేపి మరీ చెప్పాలి. విత్తనాల్లో చెయ్యి పెట్టి కలిపి చెప్పాలి. చెప్పకపోతే ఆవు పాలు ఎండిపోతాయి, విత్తనం మొలకెత్తదు. పాత యజమాని పోయాడన్నాక కొత్త యజమాని ఎవరో కూడా అదే నోటితో చెప్పాలి. ఆ చెప్పిన పేరుదే ఇక ఇంటి పెత్తనం, దాన్ని పాస్టరుగారు కూడా కాదనరు. ఉత్తర సముద్రపు గట్టు మీంచి ఓడెక్కేటప్పుడు వీళ్ళు మంచాలు వదిలేశారు, గడియారాలు వదిలేశారు, తాతల సమాధులు వదిలేశారు. ఈ ఆచారం మాత్రం బరువు లేనిది గనక వెంట వచ్చింది.

మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద ఉండే ఇల్లు కూడా అలాగే వచ్చింది. చుట్టుపక్కల అమెరికా వాళ్ళు చూసి ముక్కు మూసుకుంటారు. శీతాకాలంలో మాత్రం వాళ్ళే వచ్చి ఈ వంటింట్లో వెచ్చగా కూచుంటారు, అది వేరే సంగతి.

"ఎవరి పేరు చెప్పారు?" అంది హిల్కె.

ట్రీనా శాలువా సర్దుకుంది.

కొట్టం లోపలి నుంచి మైకె గొంతు వినిపించింది. పదహారేళ్ళ పిల్ల. మూల ఆవు దగ్గర పాలు పితుకుతూ అంతా వింది.

"బాబాయి పేరు చెప్పిందమ్మా. 'మీ యజమాని పోయాడు, ఇక మీ యజమాని హార్మ్' అంది. ఒక్కో ఆవు దగ్గరా ఆగి చెప్పింది. ఒక్క ఆవూ లేవలేదు. నానమ్మ తట్టినా లేవలేదు."

"నోరుమూసుకుని పాలు పితుకు," అంది ట్రీనా. ఆవిడ మొహం మాత్రం పాలిపోయింది.

హిల్కె బకెట్టు కింద పెట్టింది. "హార్మ్ యజమాని. మరి నేనెవర్ని?"

"నువ్వు నువ్వే. ఇంత పొలానికి మగాడు కావాలి. ఇంటికీ కావాలి. నల్లబట్టల ఏడాది గడవనీ, పాస్టరుగారితో మాట్లాడతాను. హార్మ్ చెడ్డవాడేం కాదు. తాగడు, కొట్టడు."

"ఓహో, పెళ్ళి కూడా కుదిరిపోయిందన్నమాట! పెళ్ళికూతురికి చెప్పకపోయినా ఆవులకు చెప్పారు, సంతోషం. ఆ దూడల్ని తోడి పెళ్ళికూతుళ్ళని చేద్దామా అత్తయ్యా?"

మూలనుంచి మైకె కిసుక్కున నవ్వబోయి ఆపుకుంది. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాలా కాలమైంది. ముగ్గురూ ఆ చప్పుడుకి ఒక్క క్షణం ఉలిక్కిపడ్డారు.

హిల్కె గొంతు తగ్గించింది. "నేను కాపరానికొచ్చిన కొత్తలో ఒక మాట చెప్పారు, గుర్తుందా? బతికున్నవాణ్ణి చచ్చాడని చెబితే ఏమవుతుందన్నారు?"

ట్రీనా చెయ్యి తలుపు చెక్కని పట్టుకుంది.

"మీరే చెప్పారుగా. ఆ విత్తనం కోతకొచ్చేలోపు వాడు నిజంగానే పోతాడని. శవం చూడకుండా, మట్టి వెయ్యకుండా, కన్నకొడుకు గురించి అంత మాట ఎలా అన్నారు? ఆయన ఎక్కడో మంచం పట్టి ఉండొచ్చు. జ్ఞాపకం పోయి ఏ పరాయివాళ్ళ ఇంట్లోనో ఉండొచ్చు. రోజూ పొద్దుగూకే వేళ గడప దగ్గర బూట్ల మట్టి గీకుతున్న చప్పుడు మీరు వినలేదూ? నేను విన్నాను. మైకె విని తలుపు తీసింది."

"తీస్తే ఎవరున్నారు?"

హిల్కె వంగి బకెట్టు ఎత్తుకుంది.

"ఎవరూ లేరు," అంది ట్రీనా. "అందుకే చెప్పాను." ఆవిడ వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నడక ఎప్పటిలా చురుగ్గా లేదు.

*

పదిగంటల టీ వేళకి కూడా ఎవరూ మాట్లాడుకోలేదు. ఈ జనానికి టీ మానడమంటే ప్రార్థన మానడంతో సమానం. ఎంత పోట్లాట జరిగినా టీ మాత్రం వేళకి జరగాలి. హిల్కె ఒక్కో కప్పులో కలకండ ముక్క వేసి, వేడి టీ పోసింది. కలకండ చిటచిటమని విచ్చుకుంది. పైన మీగడ వదిలింది. నాలుగో కప్పులో కూడా పోసింది.

ఆ కప్పు ఐలెర్ట్‌ది. తుపాను దగ్గర్నుంచీ రోజూ పోస్తూనే ఉంది, రోజూ చల్లారాక పారబోస్తూనే ఉంది.

ట్రీనా చెయ్యి చాచి ఆ కప్పు మీద అరచెయ్యి పెట్టింది. "ఇక పొయ్యకు."

"నా టీ, నా కలకండ. మీకేం నష్టం?"

"చూళ్ళేకపోతున్నానే," అంది ముసలావిడ. ఆ మాటలో కోపం లేదు. కోపం లేకపోవడం చూసే హిల్కెకు భయం వేసింది.

కిటికీలోంచి గుట్ట కనిపిస్తోంది. గుట్ట మీద రెండు చిన్న చెక్క శిలువలు మంచులోంచి తలెత్తుతున్నాయి. కిందటి శరదృతువులో కంఠసర్పి అనే గొంతు జబ్బు వచ్చి హిల్కె ఇద్దరు మగపిల్లల్నీ ఒక్క వారంలో ఎత్తుకుపోయింది. పెట్టెలు ఐలెర్టే చేశాడు. చెక్క నున్నగా వచ్చేదాకా చిత్రిక పడుతూనే ఉన్నాడు. చివరికి తమ్ముడు హార్మే ఇక చాలని అతని చేతిలోంచి చిత్రిక లాక్కున్నాడు. ఆ తరవాత ఐలెర్ట్ నోట మాట రావడం తగ్గిపోయింది. కొట్టంలో ఆవుల మధ్య కూచునేవాడు. హిల్కె పిలిస్తే వచ్చేవాడు, పిలవకపోతే లేదు. పిల్లల పేర్లు ఆ ఇంట్లో ఎవరూ పైకి అనకూడదని ఎవరూ ఒట్టు పెట్టలేదు, అయినా ఎవరూ అనరు. రాత్రిళ్ళు కుర్చీ జరిపిన చప్పుడైనా అందరూ పిల్లలు పడుకునే మూల వైపే చూస్తారు.

మైకె కప్పులో చెంచా పెట్టి, ఇక చాలన్నట్టు లేచింది. మూడు కప్పులు తాగకుండా లేవడం మర్యాద కాదు.

*

మధ్యాహ్నానికి హార్మ్ వచ్చాడు. పొద్దున్నే వాగు గట్టున కంచె బాగు చెయ్యడానికి వెళ్ళినవాడు తొడల దాకా తడిసి ఉన్నాడు. ఇంట్లోకి రాకుండా బావి దగ్గరే నిలబడి వదినకి సైగ చేశాడు. నలభై దాటిన మనిషే అయినా తల్లి ముందు, వదిన ముందు ఇప్పటికీ టోపీ నలుపుకుంటూ నిలబడతాడు.

"ఏంటి యజమానిగారూ," అంది హిల్కె. "ఆవులు అడుగుతున్నాయి మీ గురించి."

"మైకె కంచె దగ్గరికొచ్చి చెప్పింది. నా మీద కోప్పడకు వదినా, నన్నూ అడగలేదు. చెప్పకుండానే ఇల్లూ పొలమూ పెళ్ళామూ అన్నీ ఇచ్చేసింది మా అమ్మ." అంటూనే సిగ్గుపడి మాట మార్చాడు. "అది కాదు. మంచుబండి దొరికింది."

హిల్కె బావి గట్టు పట్టుకుంది.

"వాగు వంపులో. మంచు పగిలాక తేలింది. కూచో వదినా."

"నిలబడే వింటాను. ఆయన..."

"అన్నయ్య లేడు. గుర్రాలూ లేవు. కళేబరం లేదు, ఎముక లేదు. పక్కన విల్లో చెట్టుకి గుర్రాల తోలుపట్టీలు వేలాడుతున్నాయి." హార్మ్ తడి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. "తెగిపోలేదు వదినా. బకిళ్ళు ఒక్కొక్కటీ విప్పి ఉన్నాయి. లోపలి వైపు పైకి తిప్పి, చెమట ఆరేలా కొమ్మకి తగిలించి ఉన్నాయి."

ఆ తగిలించే తీరు ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పట్టీలు ఎవరైనా అలా కాకుండా తగిలిస్తే ఐలెర్ట్ లేచి వెళ్ళి మళ్ళీ సర్దేవాడు. పిల్లల్ని పాతిపెట్టిన రోజు కూడా సర్దాడు.

"చావబోయేవాడు తోలు పాడవుతుందని చూసుకుంటాడా?" అన్నాడు హార్మ్. "పైగా వాగు వంపు స్టేషన్ ఊరి దారిలో లేదు. అది పడమటి రైలు పట్టాల వైపు. బండిలో ఇంటి దుప్పట్లు కూడా లేవు. ఒక గుర్రం ఎక్కి, రెండోదాన్ని నడిపించుకుంటూ పోయుంటాడు. తుపాను పడేటప్పటికే దాటేసి ఉంటాడు."

ముందు సంతోషమే వచ్చింది హిల్కెకు. అది అబద్ధం కాదు. బతికున్నాడు! ఆ ఒక్క మాటకి కాళ్ళ కింద నేల గట్టిపడ్డట్టయింది. ఆయన టోపీ, ఆయన దగ్గు, ఎండ పడితే ఎర్రబారే మెడ, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి.

ఆ వెనకే రెండో మాట వచ్చింది. బతికుండి రాలేదు.

"పట్టీలు ఆరబెట్టుకునే తీరిక ఉంది," అంది నెమ్మదిగా. "నాకు ఒక మాట చెప్పే తీరిక లేకపోయింది."

"పిల్లలు పోయాక అన్నయ్య మనసు..."

"ఆ పిల్లల్ని ఆయనొక్కడే కన్నాడా?" అంది హిల్కె. "నేను కన్నాను. నా చేతుల్లో పోయారిద్దరూ. వాళ్ళని పాతిపెట్టొచ్చిన సాయంత్రం పాలు ఎవరు పితికారు? ఆయన కొట్టంలో కూచుని గోడ చూస్తుంటే, ఆయన చుట్టూ తిరిగి పాలు పితికాను నేను. నాకు పారిపోవాలని లేదా హార్మ్? నాకు రైలు పట్టాలు కనపడవా?"

హార్మ్ తలొంచుకున్నాడు. "అమ్మకి మాత్రం చెప్పొద్దు. చచ్చాడనుకుని ఎలాగో దిటవు చేసుకుంది. వదిలేసి పోయాడంటే తట్టుకోలేదు. నువ్వెలా అంటే అలా చేస్తాను. చెప్పమంటే ఊరంతా చెబుతా. వద్దంటే ఆ పట్టీలు వాగులో పారేసి వస్తా."

హిల్కె గుట్ట వైపు చూసింది. ఆయన బతికున్నాడని తేలితే తను ఎవరు? పెళ్ళాం కాదు, విధవా కాదు. చర్చిలో ఆడవాళ్ళు జాలిపడినట్టే పడి, ఏం చేస్తే పోయాడోనని చెవులు కొరుక్కుంటారు. పొలం పారిపోయినవాడిదిగా ఉంటుంది. పెత్తనం ఆవులకు చెప్పిన పేరుది. తనూ మైకె ఆ ఇంట్లో అన్నం పెడితే తినేవాళ్ళవుతారు. ఇక ఏదో ఒక ఏడు, పంట బాగా పండిన ఏడు, ఆయన తలుపు తోసుకొచ్చి టోపీ మేకుకి తగిలిస్తాడు. అప్పుడు తను టీ పొయ్యాలి.

"పారెయ్," అంది.

*

ట్రీనా కుంపటి దగ్గర కూచుని మేజోడు అల్లుతోంది. నిజానికి అల్లడం లేదు, సూదులు పట్టుకుని ఉంది.

"లేవండి అత్తయ్యా," అంది హిల్కె. "మీరన్నదే నిజం. చెప్పాల్సిందే. పెళ్ళాన్ని నేనుండగా మీరు చెప్పారు గనకే ఆవులు లేవలేదు. రండి, సరిగ్గా చెబుదాం."

ముసలావిడ ఆమె మొహంలోకి చూసింది. అంత పట్టుబట్టిన మనిషి, మాట నెగ్గినందుకు సంతోషించాలి కదా. సంతోషించలేదు. "రేపు చూద్దాంలే," అంది.

"పొద్దున ఓట్స్ ముక్కిపోతాయన్నారు. ఇప్పుడు రేపంటారు. చల్లకొచ్చి ముంత దాచడమెందుకు? లేవండి."

కొట్టంలో కప్పు సందుల్లోంచి మధ్యాహ్నపు వెలుగు గీతలుగా పడుతోంది. ఆవులు నెమరేస్తున్నాయి. హిల్కె మొదటి ఆవు డొక్క మీద అరచెయ్యి వేసి నొక్కింది. అది బరువుగా నిట్టూర్చి లేచింది. రెండోది లేచింది. ఆచారాన్ని తను ఎంత నమ్ముతుందో ఆమెకే తెలియదు. నమ్మినా నమ్మకపోయినా, అనబోయే మాట బరువు మాత్రం నాలుక మీద తెలుస్తూనే ఉంది.

"ఐలెర్ట్ మైండర్స్ చచ్చిపోయాడు," అంది గట్టిగా. "మీ యజమాని ఐలెర్ట్..."

"పేరెత్తకు!"

ట్రీనా మీదపడి ఆమె నోరు మూసింది. ఉల్లి, ఉన్ని వాసన వేస్తున్న ముసలి చెయ్యి. హిల్కె ఆ చెయ్యి పక్కకి తీసింది. కన్నతల్లి దుఃఖమనుకుంది. ఒక్క క్షణం జాలి కూడా పడింది. అయినా ఆగలేదు.

"ఐలెర్ట్ చచ్చిపోయాడు. ఇక మీ యజమానురాలు హిల్కె. నేనే."

ఆవులు చెవులు కదిపాయి. హిల్కె ఆ చివరనున్న విత్తనాల కొట్టు, నడుమెత్తు చెక్కపెట్టె, దగ్గరికి నడిచి మూత ఎత్తింది. చల్లటి ఓట్స్‌లోకి మోచేతుల దాకా చేతులు దించింది. వెనకనుంచి ట్రీనా పరుగెత్తుకొచ్చి కొట్టు అంచు మీద బోర్లా పడింది.

"విత్తనానికి చెప్పకే తల్లీ! ఆవులకు చెప్పింది వెనక్కి తీసుకోవచ్చు, ఇంకోసారి లేపి పొరపాటన్నామని చెప్పొచ్చు. విత్తనం మట్టిలోకి పోతుంది. మట్టిలోకి పోయిన మాట వెనక్కి రాదు. కోతలోపు వాడు..."

ఆగిపోయింది.

హిల్కె చేతులు విత్తనాల్లోనే ఉన్నాయి. "చచ్చినవాడికి కోతలోపు ఏమవుతుంది అత్తయ్యా?"

ట్రీనా కొట్టు మూత దించబోయింది.

"పొద్దున మీరు 'మీ యజమాని పోయాడు' అన్నారు. మైకె చెప్పింది. ఆయన పేరు అనలేదు. హార్మ్ పేరు మాత్రం అన్నారు."

"కన్నతల్లిని," అంది ట్రీనా. "ఎలా అంటాను?"

హిల్కెకు ఒక్కొక్కటే తెలిసి వచ్చింది. తుపాను తరవాత మగాళ్ళు కర్రలతో వెతుకుతుంటే ఈవిడ ఒక్కసారి కూడా బయటికి రాలేదు. బూట్ల చప్పుడు విన్నప్పుడల్లా ఈవిడ మొహంలో దుఃఖం కాదు, భయం ఉండేది. ఎక్కడో నిజంగానే పోయాడేమోనన్న భయం.

"మీకు తెలుసు," అంది హిల్కె.

"బండి కట్టిన పొద్దున నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడే. చిన్నప్పుడు కూడా అలా ఏడవలేదు. ఈ ఇంట్లో ఇంకొక్క రోజుంటే ఆ దూలానికి ఉరేసుకుంటానమ్మా అన్నాడు. ఏం చెయ్యను? పొమ్మన్నాను. 'హిల్కెకు నేను పోయానని చెప్పు, ఎదురుచూడనివ్వకు, తనకి అదే తేలిక' అన్నాడు."

"తేలికా!"

ఆ అరుపుకి చివరి ఆవు గొలుసు తెంపుకోబోయింది. హిల్కె కళ్ళలోంచి నీళ్ళు జారి ఓట్స్‌లో పడుతున్నాయి. తుడుచుకోవాలంటే చేతులు బయటికి తియ్యాలి, తియ్యలేదు.

"రోజూ ఆ కప్పులో టీ పోస్తుంటే చూస్తూ కూచున్నారు. మీ ఎదురుగా పోస్తుంటే!"

"చూళ్ళేకే కదే ఆవులకు చెప్పాను." ట్రీనా ఆమె మణికట్లు రెండూ పట్టుకుంది. "నువ్వే యజమానురాలివి. ఒప్పుకుంటున్నా. పాస్టరుగారి ముందు చెబుతా, హార్మ్‌ని చెప్పమంటా. ఇల్లు తీసుకో, పొలం తీసుకో. విత్తనానికి మాత్రం వాడి పేరు చెప్పకు. వాడెక్కడున్నాడో చెబుతాను, విను..."

"నేనడగలేదు," అంది హిల్కె.

ట్రీనా ఆమె మణికట్లు వదిలేసింది.

"ఎక్కడున్నాడో నేనడగలేదత్తయ్యా. నాకు అక్కర్లేదు." ఆమె విత్తనాల మీదికి వంగింది. గొంతు ఇప్పుడు నెమ్మదిగా, దాదాపు లాలిస్తున్నట్టు ఉంది. "ఐలెర్ట్ మైండర్స్..."

"నాకు కావాలి."

ఇద్దరూ తలెత్తారు. వంటింటి తలుపులో మైకె నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడి ఉందో తెలియదు. మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"నువ్వు అడగొద్దమ్మా," అంది ఆ పిల్ల. "నేనడుగుతున్నాను. నానమ్మా, నాన్న ఎక్కడున్నాడు?"